ముందు జాగా ఖాళీగా వదిలేసిన షాపింగ్ సెంటర్

వాషింగ్టన్ నగరంలో మెట్రో రెడ్ లైన్ ఎక్కి క్లీవ్‌లాండ్ పార్క్ స్టేషన్‌లో దిగి, కనెక్టికట్ అవెన్యూకి తూర్పు వైపు పైకి వస్తే, ఆర్డ్‌వే స్ట్రీట్ మూల మీద ఒక పొట్టి కట్టడం కనిపిస్తుంది. ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరం ఆకారంలో ఉంటుంది, వరసగా షాపులు, వాటి ముందు కార్లు పెట్టుకునే జాగా, అంతే. ఆగి ఫొటో తీసుకోవాలని ఎవరికీ అనిపించదు. అమెరికాలో ఏ శివారుకి వెళ్లినా ఇలాంటివి అడుగడుగునా ఉంటాయి. డల్లాస్ పక్కన అర్వింగ్‌లోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉండే తెలుగువాళ్లు గోంగూరకీ ఇడ్లీ రవ్వకీ వెళ్లేది ఇలాంటి చోట్లకే. మరి ఈ ఒక్కదాన్ని కూల్చకూడదని జనం ఎందుకు గొడవ చేశారు, చుట్టుపక్కల వీధులతో కలిపి దీన్ని వారసత్వ ప్రాంతం లెక్కలో ఎందుకు రాశారు? 1930లో ఇది కట్టినప్పుడు ఇలా కట్టడం అనేదే కొత్త. దుకాణాల ముందు ఖాళీ జాగా వదలడం అనే ఆలోచన అప్పటి వ్యాపారులకి వింతగా, ఇంకా చెప్పాలంటే తెలివితక్కువగా కనిపించే పని.

దీని పేరు ‘పార్క్ అండ్ షాప్’. బండి ఆపు, సరుకు కొను. ఇప్పుడు ‘శామ్స్ పార్క్ అండ్ షాప్’ అని పిలుస్తున్నారు. కట్టించింది షానన్ అండ్ లక్స్ అనే వాషింగ్టన్ రియల్ ఎస్టేట్ సంస్థ, గీసింది ఆర్థర్ హీటన్ అనే స్థానిక ఆర్కిటెక్టు.

తెలివితక్కువ పని అని ఎందుకు అనిపించాలో చూద్దాం. మన దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్లు ‘రోడ్డు బిట్టు’ అనే మాటని ఎలా పలుకుతారో తెలుసు కదా, అదే స్థలంలో ముందు గజానికి ఒక రేటు, వెనక గజానికి ఇంకో రేటు. 1920ల అమెరికాలోనూ ఇదే లెక్క. ట్రామ్ దిగి నడుచుకుంటూ పోయే మనిషి అద్దాల్లో సరుకు చూసి లోపలికి రావాలి, కాబట్టి దుకాణం గోడ ఫుట్‌పాత్‌ని తాకి ఉండాలి, ఒక్క అడుగు కూడా వెనక్కి జరగకూడదు. దుకాణాల వరస అంటే ఒకదాన్నొకటి రాసుకుంటూ, పైన రెండు మూడు అంతస్తుల్లో ఆఫీసులో అద్దె ఇళ్లో పెట్టుకుని, వీధి అంచున గోడ కట్టినట్టు నిలబడే కట్టడాలు. అలాంటి రోజుల్లో ఖరీదైన రోడ్డు మీది స్థలం కొని, దాని ముందు భాగంలో ఏమీ కట్టకుండా వదిలేసి, మడిగెలన్నీ వెనక్కి నెట్టడం అంటే చేతిలో ఉన్న అద్దెని చేజేతులా వదులుకోవడమే. దాదాపు 50 కార్లు పట్టే జాగా అది. మధ్యలో తిరిగే దారితో కలిపి ఒక్కో కారుకి 300 చదరపు అడుగుల దాకా పోతుంది, లెక్క వేస్తే ఒక పెద్ద కిరాణా దుకాణానికి సరిపోయే నేల. ఆ నేల మీద పైసా అద్దె రాదు.

ఆ సంస్థ గాలివాటంగా ఈ పని చేయలేదు. నగరం నడిబొడ్డున కార్లు పెట్టుకోవడానికి చోటు లేక జనం పడుతున్న అవస్థ వాళ్లకి బాగా తెలుసు, ఎందుకంటే 1920ల్లోనే న్యూయార్క్ అవెన్యూ దగ్గర క్యాపిటల్ గరాజ్ అనే అంతస్తుల పార్కింగ్ కట్టడం వేసింది వాళ్లే, దాన్నీ గీసింది ఈ హీటనే. వెయ్యికి పైగా కార్లు పట్టేది. డౌన్‌టౌన్‌లో నేల ఖరీదు కాబట్టి కార్లని పైకి ఎక్కించారు, శివారులో నేల కొంచెం చవక కాబట్టి పరిచారు. హీటన్ సంగతి ఇంకొకటి చెప్పాలి. ఆ దగ్గర్లోని గుట్ట మీద లేచిన వాషింగ్టన్ నేషనల్ కెథీడ్రల్ పనికి కొన్నేళ్ల పాటు పర్యవేక్షక ఆర్కిటెక్టుగా ఉన్నది ఆయనే. ఒక చేత్తో గోతిక్ చర్చి, ఇంకో చేత్తో కార్ల గూడు.

ఇక ఈ చోటు సంగతి. క్లీవ్‌లాండ్ పార్క్‌కి ఆ పేరు అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ వల్ల వచ్చింది, ఆయన 1886లో ఇక్కడ వేసవి ఇల్లు కొనుక్కున్నాడు. అప్పటికిది పొలాలూ తోటలూ ఉన్న గ్రామం లాంటిది. పట్నపు గాలి తగిలింది 1890ల్లో. నెవాడా రాజకీయ నాయకుడు ఫ్రాన్సిస్ న్యూలాండ్స్ 1890లో చెవీ చేజ్ లాండ్ కంపెనీ పెట్టి, కనెక్టికట్ అవెన్యూ పొడుగునా మేరీల్యాండ్ సరిహద్దు దాటేదాకా భూములు కొని, రోడ్డు వేసి, 1892కల్లా రాక్ క్రీక్ రైల్వే పేరుతో కరెంటు ట్రామ్ నడిపించాడు. ట్రామ్ మీద లాభం రాకపోయినా పర్వాలేదు, ట్రామ్ వెళ్లిన చోటల్లా ప్లాట్ల ధర పెరిగితే చాలు అనే లెక్క. (మెట్రో ఎటు వస్తుందో ముందే తెలుసుకుని భూములు కొనడం మన హైదరాబాద్ వాళ్లు కనిపెట్టిన విద్యేం కాదు.) ఈ కంపెనీకి తమ రోడ్డు మీద దుకాణాలు అంటే ఇష్టం లేదు. పెద్ద ఇళ్లు, చెట్లు, ప్రశాంతత, ఇవి అమ్ముతున్నప్పుడు మధ్యలో మాంసం కొట్టూ చెప్పుల కొట్టూ ఉంటే ధర పడిపోతుందని భయం. అందుకే చాలా ఏళ్లు ఈ రోడ్డు పొడుగునా వ్యాపారాలు పలచగానే ఉన్నాయి.

1920లో వాషింగ్టన్‌కి జోనింగ్ చట్టం వచ్చింది. ఎక్కడ ఇళ్లు, ఎక్కడ దుకాణాలు అని నగరం మ్యాపు మీద గీతలు గీశారు. కనెక్టికట్ అవెన్యూ మీద వ్యాపారానికి అక్కడక్కడా కొన్ని బ్లాకులు మాత్రమే దక్కాయి, వాటిలో క్లీవ్‌లాండ్ పార్క్ బ్లాకులు ఒకటి. అదే దశకంలో రోడ్డు వెంట పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేచాయి. అంటే ఒకవైపు కొనేవాళ్లు వేలల్లో పెరుగుతున్నారు, ఇంకోవైపు అమ్మే చోట్లని చట్టమే నాలుగు బ్లాకులకి కుదించింది. వీటికి తోడు కార్లు. 1920లో అమెరికా మొత్తం మీద 80 లక్షల దాకా ఉన్న కార్లు 1930 నాటికి 2 కోట్ల 30 లక్షలకి చేరాయి. కనెక్టికట్ అవెన్యూ ఆఫీసుకెళ్లేవాళ్ల ప్రధాన దారి అయిపోయింది. రద్దీ రోడ్డు పక్కన కారు ఆపితే వెనకవాళ్లు హారన్ కొడతారు, ఆపకపోతే దుకాణానికి గిరాకీ లేదు. పార్క్ అండ్ షాప్ పుట్టడానికి కావలసిన ఇరుకు ఇదంతా.

చోటు ఎంచుకోవడంలోనూ ఒక లెక్క కనిపిస్తుంది. అమెరికాలో బండ్లు కుడి పక్కన నడుస్తాయి. పొద్దున ఆఫీసుకి దక్షిణం వైపు డౌన్‌టౌన్‌కి పోయేవాళ్లు రోడ్డుకి పడమటి పక్కన పోతారు, సాయంత్రం ఇంటికి ఉత్తరంగా వచ్చేవాళ్లు తూర్పు పక్కన వస్తారు. పార్క్ అండ్ షాప్ తూర్పు పక్కన ఉంది. పొద్దున తొమ్మిదింటికి టెన్షన్‌లో పోయేవాడు బ్రెడ్డు కొనడానికి ఆగడు, సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్తున్నవాడు ఆగుతాడు, అదీ ఎడమ వైపు తిరిగి ఎదురు బండ్లని దాటాల్సిన పని లేకపోతేనే. స్టీరింగ్ కుడివైపు కొంచెం తిప్పితే సరాసరి దుకాణం ముందే ఆగొచ్చు. ఈ ‘ఇంటికెళ్లే పక్క’ అనే సూత్రాన్ని అమెరికా రిటైల్ వాళ్లు ఈ రోజుకీ పాటిస్తారు, పెట్రోలు బంకు పెట్టినా కాఫీ షాపు పెట్టినా.

ఆకారానికి మూలం మాత్రం వాషింగ్టన్ కాదు, కాలిఫోర్నియా. 1920ల మధ్య నుంచి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ‘డ్రైవ్ ఇన్ మార్కెట్లు’ అని కొత్త రకం వచ్చింది. గ్లెండేల్‌లో మొదలైన ఈ పద్ధతిలో మూల ప్లాటు మీద ఎల్ ఆకారంలో కూరగాయలు, మాంసం, కిరాణా, బేకరీ పక్కపక్కన పెట్టి, మధ్యలో కార్లు తిరిగేందుకు జాగా వదిలేవాళ్లు. అక్కడ వాన తక్కువ, చలి లేదు, అందువల్ల చాలా దుకాణాలకి ముందు గోడే ఉండేది కాదు. చూడ్డానికి పెట్రోలు బంకుకి పెద్దన్నలా ఉండేవి. ఆ రకాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి వాషింగ్టన్‌లో పెడితే నడవదు, చలికి గడ్డకట్టుకుపోతారు, పైగా క్లీవ్‌లాండ్ పార్క్ జనం ‘మా వీధిలో ఇదేం సంత’ అని గోల చేస్తారు. హీటన్ చేసిందేమిటంటే, ఎముకలు కాలిఫోర్నియావి ఉంచి పైన తూర్పు తీరపు చర్మం తొడిగాడు. ఎల్ ఆకారం అలాగే ఉంది, ఒక రెక్క రోడ్డుకి దూరంగా సమాంతరంగా, ఇంకో రెక్క ముందుకి జరిగి. పైన మాత్రం పాత వలస కాలపు ఇళ్లని గుర్తుచేసే తరహా. పక్కన ఉన్న పెద్దింటి వాళ్లకి తమ ఇంటి చుట్టంలా కనిపించాలన్నమాట. ఒక చివర పెట్రోలు బంకు కూడా పెట్టారు. సరుకులు కొనేలోపు కారుకీ తిండి. ఇప్పుడు ఆ బంకు లేదు.

లోపల ఎవరున్నారు అనే దాంట్లో అసలు కిటుకు ఉంది. ప్రధాన దుకాణం పిగ్లీ విగ్లీ. పేరు నవ్వొచ్చేలా ఉన్నా, కిరాణా వ్యాపారం చరిత్రలో దీనంత మలుపు తిప్పిన పేరు ఇంకొకటి దొరకడం కష్టం. 1916లో టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి మొదటి పిగ్లీ విగ్లీ తెరిచాడు. అంతకుముందు అమెరికాలోనూ కిరాణా కొట్టు అంటే మన శెట్టిగారి కొట్టు లాంటిదే. కౌంటర్ ఇవతల నిలబడి చీటీ చదవాలి, అవతల కుర్రాడు ఒక్కొక్కటీ తీసి పొట్లం కట్టి ఇవ్వాలి. ఫోన్ చేస్తే ఇంటికి పంపుతారు, డబ్బులు ఖాతాలో రాసుకుంటారు. సాండర్స్ ఆ కౌంటర్ని తీసేశాడు. గుమ్మం దగ్గర తిరిగే గేటు, చేతికి ఒక బుట్ట, ప్రతి వస్తువు మీదా ధర, నచ్చింది తీసుకుని చివర్లో నగదు కట్టి పోవడమే. 1917లో ఈ అమరిక మీద పేటెంటు కూడా తీసుకున్నాడు. కుర్రాళ్ల జీతాలు మిగిలాయి, అప్పు ఎగవేతలు పోయాయి, ధర తగ్గింది.

ధర తగ్గిన సంగతి అందరూ చెప్తారు. దీనికి ఇంకో కొస ఉంది, అది అంతగా ఎవరూ పట్టించుకోరు. ఇంటికి పంపడం ఆపేస్తే సరుకు మోసుకెళ్లే బాధ్యత కొన్నవాడి మీద పడింది. నడిచి వచ్చినవాడు రెండు చేతులకి పట్టినంతే కొంటాడు. ట్రామ్‌లో వచ్చినవాడు ఇంకా తక్కువ. కారులో వచ్చినవాడు వెనక సీటు నిండా కొంటాడు, వారానికి సరిపడా కొంటాడు, ఎందుకంటే అప్పుడప్పుడే కాస్త కలిగిన ఇళ్లలోకి కరెంటు ఫ్రిజ్‌లు కూడా వస్తున్నాయి. కాబట్టి సెల్ఫ్ సర్వీసు కిరాణాకీ కారుకీ విడదీయలేని లంకె పడింది, ఆ లంకెకి కొక్కెం పార్కింగ్. దుకాణం ముందు బండి ఆగే చోటు లేకపోతే కౌంటర్ తీసేసి మిగుల్చుకున్న లాభం సగం ఆవిరే. వదిలేసిన జాగా మీద అద్దె రాదని పైన అనుకున్నాం. అది వచ్చేది పిగ్లీ విగ్లీ బిల్లుల్లోంచి, దాని వెంట పక్క దుకాణాల గల్లాల్లోంచి. బుట్ట బరువెక్కితే చక్రాలు కావాలి కాబట్టి 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారుడు తోపుడు బండి లాంటి షాపింగ్ కార్ట్ తెచ్చాడు, అది కూడా ఈ గొలుసులో ముక్కే.

పక్క దుకాణాల విషయంలో ఇంకో కొత్తదనం ఉంది. మామూలు బజారులో ఒక్కో మడిగెకి ఒక్కో యజమాని, ఎవడికి వాడు. మందుల షాపు పక్కన ఇంకో మందుల షాపు వచ్చినా ఆపేవాడు లేడు. ఇక్కడ మొత్తం స్థలం ఒక్కరి చేతిలో ఉంది, ఎవరికి ఏ మడిగె ఇవ్వాలో ఒక్కరే తేల్చేది. కిరాణాకి వచ్చినవాడు వెళ్లేలోపు ఇంకేమేం కొంటాడు అని ఆలోచించి, ఒకదానితో ఒకటి పోటీ పడకుండా ఒకదానికొకటి గిరాకీ తెచ్చేలా అద్దెకిస్తారు. బోర్డులు ఒకే తీరుగా ఉండాలని చెప్పగలరు. పార్కింగ్ అందరిదీ కాబట్టి ఎవరి ముందు ఎవరు బండి పెట్టారనే తగాదా లేదు. షాపింగ్ సెంటర్‌ని మామూలు దుకాణాల వరస నుంచి వేరు చేసేవి ఈ రెండే, ఒకే యజమాని, అందరికీ కలిపి ఒకే పార్కింగ్. చరిత్రకారుడు రిచర్డ్ లాంగ్‌స్ట్రెత్ వాషింగ్టన్‌లోని ఇలాంటి కేంద్రాల మీద చాలా లోతుగా పనిచేశాడు, ఈ చిన్న కట్టడానికి ఇవాళ చరిత్రలో ఉన్న స్థానంలో ఆయన పాలు చాలా ఉంది.

ఇదే ‘మొట్టమొదటిది’ అని అనొచ్చా? అనకపోవడమే మంచిది. ఈ పోటీలో చాలామంది ఉన్నారు. బాల్టిమోర్‌లో రోలాండ్ పార్క్ దుకాణాల కట్టడం 1890ల నాటిది, కానీ అది కార్ల కోసం పుట్టింది కాదు. షికాగో దగ్గర లేక్ ఫారెస్ట్‌లో 1916 నాటి మార్కెట్ స్క్వేర్ ఉంది, అది రైల్వే స్టేషన్ ఎదురుగా పచ్చిక మైదానం చుట్టూ కట్టిన ముచ్చటైన చౌరస్తా. కాన్సస్ సిటీలో జె.సి. నికల్స్ 1923లో తెరిచిన కంట్రీ క్లబ్ ప్లాజా చాలా పెద్దది, స్పెయిన్‌లోని సెవీల్ నగరం పోలికలతో కట్టారు, కార్లని దృష్టిలో పెట్టుకున్నారు, అయినా దుకాణాలు వీధుల వెంటే ఉంటాయి, అదొక చిన్న డౌన్‌టౌన్. డల్లాస్‌లో హైలాండ్ పార్క్ విలేజ్ 1931లో మొదలైంది, దాంట్లో దుకాణాలు వీధికి వీపు పెట్టి లోపలి పార్కింగ్ వైపు తిరుగుతాయి, కానీ అది సంపన్నుల కోసం, పెద్ద ఎత్తున. వాటి పక్కన పార్క్ అండ్ షాప్‌ది పేద బంధువు వాలకం. ఊరు ఊరంతటినీ మార్చే ఆశ దానికి లేదు, ఒక మూల ప్లాటు, ఒక పూట సరుకులు, నాలుగైదు వీధుల జనం. అందుకే అందరూ కాపీ కొట్టగలిగారు. కంట్రీ క్లబ్ ప్లాజా కట్టాలంటే చుట్టూ వేల ఎకరాల లేఅవుట్ చేతిలో ఉన్న నికల్స్ కావాలి. పార్క్ అండ్ షాప్ కట్టాలంటే ఒక మూల బిట్టూ బ్యాంకు అప్పూ చాలు.

కాలం కూడా గమనించాలి. 1929 అక్టోబరులో వాల్ స్ట్రీట్ కూలింది, 1930లో ఈ సెంటర్ వచ్చింది. మిగతా అమెరికాలో కట్టుబడి పనులు పడకేసిన దశకం అది. వాషింగ్టన్ మాత్రం వేరు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కొత్త శాఖలూ కొత్త ఉద్యోగాలూ పెంచుతూ పోయింది, నెల జీతం వచ్చే గుమాస్తాలతో ఊరు నిండింది, 1930లో 4,86,869 ఉన్న నగర జనాభా 1940కి 6,63,091 అయింది. జీతం వస్తుంది, ఇల్లు కావాలి, ఇంటి దగ్గర కిరాణా కావాలి. పార్క్ అండ్ షాప్ నమూనాని పట్టుకుని నగరంలోనూ చుట్టుపక్కల మేరీల్యాండ్, వర్జీనియా శివారుల్లోనూ ఇలాంటివి వరసగా లేచాయి. 1938లో సిల్వర్ స్ప్రింగ్‌లో వచ్చిన షాపింగ్ సెంటర్ వీటిలో పెద్దది, జాన్ ఎబర్సన్ గీసిన సిల్వర్ థియేటర్ దానిలో భాగం, కిరాణాకి తోడు సినిమా. 1930ల చివరికి పక్కింటి షాపింగ్ సెంటర్ అంటే ఎలా ఉంటుందో దేశంలో మిగతా ఊళ్లకంటే ముందు వాషింగ్టన్ వాళ్లకే బాగా తెలుసు. ఇళ్ల అప్పులకి పూచీ ఇవ్వడానికి 1934లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా కొత్త లేఅవుట్లలో రోడ్డు పొడుగునా చిందరవందరగా దుకాణాలు కాకుండా ఒక చోట ప్లాన్ చేసిన కేంద్రం ఉంటే మేలని చెబుతూ వచ్చింది. అప్పుకి పూచీ ఇచ్చేవాడి మాట బిల్డర్లు వినక ఏం చేస్తారు?

ఈ ఫెడరల్ హౌసింగ్ సంస్థే చేసిన ఇంకో పని దాచడం న్యాయం కాదు. నల్లజాతి వాళ్లుండే చోట్లని అప్పుకి పనికిరావని వేరు చేసిన ప్రభుత్వ యంత్రాంగంలో ఇదీ భాగం. వాషింగ్టన్ శివారుల్లో చాలా ఇళ్ల దస్తావేజుల్లోనే ఫలానా వాళ్లకి అమ్మకూడదని షరతులు రాసుకున్నారు, 1948లో సుప్రీంకోర్టు వాటిని కోర్టుల ద్వారా అమలు చేయడం కుదరదని తేల్చేదాకా ఆ రాతలకి చట్టబలం ఉంది. ‘నైబర్‌హుడ్ షాపింగ్ సెంటర్’ అనే ముద్దు పేరులో నైబర్ ఎవరు అనేది ముందే ఎవరో తేల్చి పెట్టారు. జీతం, కారు, సొంతిల్లు, ఈ మూడూ ఉన్న తెల్లవాళ్ల కోసం కొలిచి కుట్టిన చొక్కా ఇది. కారు లేనివాడికి ఖాళీ జాగా వల్ల ఒరిగేదేమీ లేదు, ఎండలో ఇంకో ఇరవై గజాలు ఎక్కువ నడవడం తప్ప.

కనెక్టికట్ అవెన్యూ మీద ట్రామ్ 1935లో ఆగిపోయింది, బస్సులు వచ్చాయి. మరుసటి ఏడు పక్క బ్లాకులోనే అప్‌టౌన్ థియేటర్ తెరిచారు. యుద్ధం అయ్యాక మొత్తం ఆట మారింది. 1950లో సియాటిల్‌లో నార్త్‌గేట్, 1956లో మినియాపొలిస్ దగ్గర విక్టర్ గ్రూయెన్ గీసిన సౌత్‌డేల్, పూర్తిగా పైకప్పు కింద ఏసీలో నడిచే మాల్. 50 కార్ల లెక్కలు వేల కార్ల లెక్కలయ్యాయి. కిరాణా దుకాణాలు కూడా బాగా పెరిగి, పిగ్లీ విగ్లీ లాంటి 1930ల నాటి గది వాటికి గోడౌన్‌కి కూడా చాలని పరిస్థితి. పార్క్ అండ్ షాప్ పిల్లలూ మనవలూ దేశమంతా ‘స్ట్రిప్ మాల్’ పేరుతో పరుచుకుంటే, అది మాత్రం తన మూలన మామూలుగా ఉండిపోయింది, లాండ్రీ, చిన్న హోటలు, అలా చేతులు మారుతూ.

దాన్ని మళ్లీ వార్తల్లోకి తెచ్చింది రైలు. 1981 డిసెంబరు 5న క్లీవ్‌లాండ్ పార్క్ మెట్రో స్టేషన్ మొదలైంది, గేటు సరిగ్గా ఈ పార్కింగ్ పక్కనే. ఒక్కసారిగా లెక్క తిరగబడింది. మెట్రో స్టేషన్ గుమ్మంలో, పెద్ద రోడ్డు మూల మీద, పొట్టి షాపులూ వాటి ముందు తారు నేలా! ఏ బిల్డరైనా ఊరుకుంటాడా? దీన్ని పడగొట్టి ఎత్తయిన కట్టడం వేయాలనే ప్రతిపాదన రానే వచ్చింది. చుట్టుపక్కల జనం ఎదురు తిరిగారు. 1985లో క్లీవ్‌లాండ్ పార్క్ హిస్టారికల్ సొసైటీ పెట్టుకున్నారు, 1986లో నగరం ఈ ప్రాంతాన్ని వారసత్వ ప్రాంతంగా గుర్తించింది, 1987లో చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఇళ్లతో పాటు కనెక్టికట్ అవెన్యూ మీది దుకాణాల వరస కూడా ఆ గీతలోపలికి వచ్చింది, దానితో పార్క్ అండ్ షాప్ బతికింది. తర్వాత బాగు చేసి మళ్లీ అద్దెలకిచ్చారు.

వారసత్వం అంటే కోటలూ గుళ్లూ అనుకునే మనకి ఇది కొంచెం తమాషాగా ఉంటుంది. ఊరి జనం ఒక కార్ల పార్కింగ్‌ని కాపాడుకున్నారు. వాళ్లలో అందరికీ కట్టడ చరిత్ర మీద ప్రేమ పొంగిందని నమ్మాల్సిన పనిలేదు. ఎత్తయిన అపార్టుమెంటు వస్తే నీడ పడుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, వీధి రూపు మారుతుంది, తమ ఇంటి విలువ ఏమవుతుందో అన్న బెంగ, వీటన్నిటికీ వారసత్వ ముద్ర మంచి డాలు. అయితే బెంగ వేరు, వాదన వేరు. కార్లు అమెరికా ఊళ్లని ఎలా మార్చాయో చూపించే తొలి ఆనవాళ్లలో ఇదొకటి అన్న మాట అబద్ధం కాదు. న్యాయమైన కారణం, సొంత కారణం రెండూ ఒకే జెండా కింద నడిచాయి, ఇలాంటి పోరాటాల్లో చాలావరకు అంతే.

గొడవ అక్కడితో ఆగలేదు, వాదించేవాళ్లు మారారు. నగరంలో అద్దెలు భరించలేనంతగా పెరిగాక, మెట్రో పక్కన ఇళ్లు కట్టకుండా ఒక అంతస్తు షాపులూ పార్కింగూ ఉంచడం ఎవరి మేలు కోసం అని కొత్త తరం నిలదీస్తోంది. 2021లో వాషింగ్టన్ తన సమగ్ర ప్రణాళికని సవరించినప్పుడు కనెక్టికట్ అవెన్యూ వెంట ఇంకా ఎక్కువ ఇళ్లకి వీలు కల్పించేలా భూవినియోగ మ్యాపు మార్చింది, జోనింగ్ పట్టు కూడా సడలించాలన్న చర్చ దాని వెంటే నడిచింది. అవెన్యూ మీద సైకిల్ దారి వేయాలా, పార్కింగ్ ఉంచాలా అని ఇంకో పెద్ద తగువు నడిచింది. రెండు వైపులా ఇళ్ల ముందు బోర్డులు, మీటింగుల్లో అరుపులు. ‘పార్కింగ్ పోతే మా వ్యాపారం పోతుంది’ అని దుకాణదారులు చెప్పిన మాట 1930లో షానన్ అండ్ లక్స్ వేసుకున్న లెక్కే, తొంభై ఏళ్ల తర్వాత.

విచిత్రం ఏంటంటే, కాపాడాల్సిన వస్తువు ఏదో తేల్చడమే ఇక్కడ కష్టం. మామూలు పాత కట్టడం అయితే గోడలు ఉంచు, వెనక ఖాళీలో కట్టుకో అనొచ్చు, వాషింగ్టన్‌లో అలా చాలా చేశారు, పాత ముఖం ముందు, కొత్త టవర్ వెనక. పార్క్ అండ్ షాప్‌లో ఆ కిటుకు పారదు. దాని గోడలు, కప్పు, కిటికీలు 1930ల్లో ఏ వీధిలోనైనా కనిపించే సరుకే. చరిత్ర ఉన్నది ముందున్న ఖాళీలో. ఖాళీ మీద కడితే గోడలు మిగిలి చరిత్ర పోతుంది, గోడలు పడగొట్టి ఖాళీని ఉంచితే అది ఉత్త పార్కింగ్. అందువల్ల ఈ జాగాలో ఎవరు ఏం కొత్తగా కట్టాలన్నా జోనింగ్ ఒక్కటే ఒప్పుకుంటే సరిపోదు, నగర హిస్టారిక్ ప్రిజర్వేషన్ రివ్యూ బోర్డు ముందు కూర్చుని, వారసత్వ ప్రాంతంలో ఈ తారు నేలకి ఉన్న విలువ ఎంతో తేల్చుకోవాలి.